పడుకున్నప్పుడు కాదు, కదిపినప్పుడు నొప్పి ఎంత? తుంటి ఆపరేషన్‌కి నరం బ్లాక్ గురించి

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్తాను. అమ్మగారికి 74 ఏళ్ళు, బరువు 46 కిలోలు. నిన్న పొద్దున బాత్రూమ్‌లో జారిపడి కుడి తుంటి దగ్గర తొడ ఎముక విరిగింది. విరిగింది జాయింట్ బయట కాబట్టి రేపు రాడ్ వేస్తామన్నారు. షుగర్ ఉంది, మూడేళ్ళ కిందట గుండెకి స్టెంట్ వేశారు, ఇప్పటికీ రక్తం పల్చబడడానికి క్లోపిడోగ్రెల్ మాత్ర వాడుతున్నారు. కుడి చెవి సరిగా వినపడదు, మిషన్ పెట్టుకుంటారు. మత్తు డాక్టరు వచ్చి "వెన్నుకి ఇవ్వం, పూర్తి మత్తు ఇస్తాం, నొప్పికి గజ్జ దగ్గర నరం బ్లాక్ చేస్తాం" అన్నారు, అంటే నరాలు పోయే చోట మందు ఇచ్చి నొప్పి తెలియకుండా మొద్దుబార్చడం. మీ బావగారేమో "నరానికి సూది వేస్తే కాలు పడిపోతుంది, ఒప్పుకోకు" అంటున్నారు. పైగా కదలకుండా పడుకుంటే అమ్మగారికి పెద్దగా నొప్పి లేదు కదా, ఇదంతా ఎందుకని మీ సందేహం.

నేను 22 ఏళ్ళుగా మత్తు డాక్టర్‌ని. నా డ్యూటీలో చాలా భాగం ఇలా తుంటి విరిగిన పెద్దవాళ్ళతోనే గడుస్తుంది. మీ చివరి మాట దగ్గరే మొదలుపెడతాను. ఇంట్లోవాళ్ళూ, ఒక్కోసారి మేమూ మోసపోయేది అక్కడే.

తుంటి విరిగిన మనిషి కదలకుండా పడుకుంటే నొప్పి పదికి రెండో మూడో ఉంటుంది. బెడ్‌పాన్ పెట్టడానికి నడుము కాస్త ఎత్తామా, అది తొమ్మిదికి పోతుంది. ఆ తొమ్మిది ఒకసారి చూశాక ఆవిడ ఇక కదలరు. కదలరు కాబట్టి "నొప్పి లేదు నాయనా" అంటారు. నీళ్ళు తాగితే బెడ్‌పాన్ పెట్టాలి, అందుకని నీళ్ళు మానేస్తారు. దగ్గితే తుంటి కదులుతుంది, అందుకని దగ్గు బిగబట్టుకుంటారు, కఫం లోపలే ఉండిపోతుంది. మూడో రోజుకి జ్వరం, ఆయాసం, ఎక్స్‌రేలో నిమ్ము. కేస్ షీట్‌లో మాత్రం మూడు రోజులూ "నొప్పి లేదు" అనే రాసి ఉంటుంది. అందుకే మా జూనియర్లకి ఒకటే చెప్తాను: పడుకున్న మనిషిని నొప్పి ఎంత అని అడగొద్దు, మడమ కింద చెయ్యి పెట్టి కాలు రెండంగుళాలు ఎత్తి అప్పుడు అడగండి. బ్లాక్ చేసేది ఈ రెండో నొప్పి కోసం. మామూలు ఇంజెక్షన్లకి లొంగనిది కూడా అదే. ట్రమడాల్ ఇస్తే మనిషి మగతగా పడుకుంటారు, కదిపితే మళ్ళీ కేక పెడతారు. అంటే మందు వల్ల వచ్చే తిప్పలన్నీ వచ్చాయి, నొప్పి మాత్రం అలాగే ఉంది.

ఇక బావగారి భయం. "నరం బ్లాక్" అన్న పేరే ఆ భయానికి సగం కారణం. అమ్మగారికి చేసేది బహుశా ఫేషియా ఇలియాకా బ్లాక్ అయి ఉంటుంది. దీంట్లో సూది నరంలోకి పోదు, నరం పక్కకి కూడా పోనక్కర్లేదు. గజ్జ దగ్గర తుంటి ఎముక లోపలి వైపు ఒక కండరం ఉంటుంది, దాని మీద పల్చగా, గట్టిగా ఒక పొర పరుచుకుని ఉంటుంది. తొడ ముందు భాగానికి వెళ్ళే ఫెమోరల్ నరం, తొడ బయటి వైపు చర్మానికి వెళ్ళే నరం, రెండూ ఆ పొర కిందుగానే పోతాయి. మనం పొర కింద ఒకచోట మందు వదిలితే చాలు, గట్టు ఒక్కచోట తెంచితే నీళ్ళు మడంతా పారినట్టు మందు దానంతటదే పాకి నరాలని చేరుతుంది. అందుకే మందు ఎక్కువ పరిమాణంలో, 30 నుంచి 40 మి.లీ. దాకా, పల్చగా చేసి ఇస్తాం.

దీన్ని 1989లో ఫ్రాన్స్‌లో డాలెన్స్ అనే డాక్టరు, ఆయన సహచరులు పిల్లల కోసం మొదలుపెట్టారు. నేను నేర్చుకున్న రోజుల్లో మా దగ్గర అల్ట్రాసౌండ్ స్కాన్ మెషిన్ లేదు. మొండి సూదితో గుచ్చుతూ పోతే చేతికి రెండుసార్లు టక్, టక్ మని తెలిసేది, మొదటిది పై పొర, రెండోది మనకి కావలసిన పొర. అంతే, దేవుడి మీద భారం వేసి మందు ఇచ్చేవాళ్ళం. ఎక్కువసార్లు పనిచేసేది, అప్పుడప్పుడు పనిచేసేది కాదు. ఇప్పుడు స్కాన్‌లో ధమని, నరం, పొర, సూది మొన అన్నీ తెర మీద కనిపిస్తాయి, మందు పొర కింద విచ్చుకోవడం కూడా కళ్ళతో చూస్తాం.

నరం శాశ్వతంగా దెబ్బతినడం అసలే జరగదని చెప్పను. అన్ని రకాల నరం బ్లాకులూ కలిపి చూస్తే 10,000 మందిలో 2 నుంచి 4 మందికి అలా అవుతుందని లెక్క. కొన్ని వారాలు తిమ్మిరి ఉండి తగ్గిపోవడం అంతకంటే ఎక్కువమందిలో చూస్తాం. ఫేషియా ఇలియాకాలో సూది నరానికి దూరంగా ఉంటుంది కాబట్టి నాకు అసలు భయం లేని బ్లాకుల్లో ఇదొకటి. "కాలు పడిపోయింది" అని జనం చెప్పుకునే వాటిలో చాలావాటికి వేరే కారణం ఉంటుంది. తుంటి వెనక నుంచి పోయే సయాటిక్ నరం ఎముక విరిగినప్పుడో, ఆపరేషన్‌లో లాగినప్పుడో నలిగితే పాదం పైకి లేవదు. అది గజ్జ దగ్గర చేసే బ్లాక్ వల్ల రాదు. మేం ఆ సయాటిక్ నరాన్ని కావాలనే ముట్టుకోం కూడా. ఆపరేషన్ అయ్యాక సర్జన్ వచ్చి "అమ్మా, పాదం పైకి ఎత్తండి" అని చూసుకోవాలి కదా.

అలా ముట్టుకోకపోవడం వల్ల పిరుదు వైపు, తొడ వెనక వైపు కొంత నొప్పి మిగులుతుంది. అదృష్టం ఏమిటంటే తుంటి జాయింట్ చుట్టూ ఉండే సంచిలో నొప్పి తెలిసే తీగలు ఎక్కువగా ముందు వైపే ఉంటాయి. అవి ఫెమోరల్, ఆబ్చురేటర్ నరాల నుంచి వస్తాయి, కొందరిలో ఇంకో అదనపు ఆబ్చురేటర్ నరం కూడా ఉంటుంది. ఈ లెక్క పట్టుకునే 2018లో టొరంటో డాక్టర్లు పెంగ్ బ్లాక్ అని కొత్తది చెప్పారు. అందులో సూదిని నేరుగా ఎముక మీదికి పంపి, ఆ సన్న తీగలు జాయింట్‌లోకి దిగే చోట 20 మి.లీ. మందు వదులుతారు. (ఆ పేరు ఇంగ్లీషు పొడి అక్షరాల నుంచి వచ్చింది. చెప్పినవాళ్ళలో ఒకాయన ఇంటిపేరు కూడా పెంగే కావడం మా క్లాసుల్లో ఎప్పుడూ ఒక జోకు.) దీని గొప్పతనం తొడ కండరం బలం పెద్దగా తగ్గకపోవడం. లోటు ఏమిటంటే కోత పెట్టిన చర్మానికి ఇది పనిచేయదు. తుంటి బాల్ మార్చే ఆపరేషన్లకి, జాయింట్ లోపల మెడ దగ్గర విరిగినవాటికి నేను పెంగ్ వైపు మొగ్గుతాను. అమ్మగారిలా బయట విరిగి, తొడ పక్కన కోసి రాడ్ వేసేవాళ్ళకి ఫేషియా ఇలియాకానే నా ఎంపిక. క్లోపిడోగ్రెల్ వాడుతున్నారు కాబట్టి ఇంకో కారణం కూడా ఉంది. అది పైపైన ఉండే చోటు, రక్తం కారినా చేత్తో నొక్కి ఆపొచ్చు. పెంగ్ కొంచెం లోతు.

వీపు వెనక నుంచి నడుము నరాల గుత్తికి ఇచ్చే లంబార్ ప్లెక్సస్ బ్లాక్ ఇంకా బాగా పనిచేస్తుంది, కానీ చాలా లోతు. లోపల రక్తం గడ్డకడితే తెలియదు, నొక్కి ఆపలేం, మందు వెన్నుపాము వైపు పాకే ప్రమాదం కూడా ఉంది. రక్తం పల్చబడే మాత్ర మీద ఉన్న మనిషికి నేనైతే చేయను. ఈమధ్య వీపు కండరాల పొరల్లో ఇచ్చే రకాలు కూడా వచ్చాయి. తుంటికి వాటి మీద నాకింకా నమ్మకం కుదరలేదు.

వెన్నుకి మత్తు ఎందుకు వద్దన్నారో మీకు అర్థమై ఉండదు. క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళకి వెన్నులో సూది వేయాలంటే మాత్ర ఆపి 5 నుంచి 7 రోజులు ఆగాలి. లేకపోతే వెన్నుపాము పక్కన రక్తం గడ్డకట్టి నిజంగానే కాళ్ళు పడిపోయే ప్రమాదం ఉంది, అరుదే అయినా. అన్ని రోజులు ఆగితే తుంటి విరిగిన మనిషికి నిమ్ము, పడక పుండ్లు, కాళ్ళలో రక్తం గడ్డలు. బ్రిటన్‌లో 36 గంటల్లోపు ఆపరేషన్ అయిపోవాలని నియమం పెట్టుకున్నది అందుకే. కాబట్టి ఆగకుండా పూర్తి మత్తు ఇవ్వడం సరైన నిర్ణయమే. "పూర్తి మత్తంటే ముసలివాళ్ళు లేవరు" అని చుట్టాలు అంటారు. అమెరికా, కెనడాల్లో 1600 మంది తుంటి విరిగినవాళ్ళని వెన్ను మత్తు, పూర్తి మత్తు అని రెండు జట్లుగా పంచి చూశారు, 2021లో ఫలితం వచ్చింది. బతకడంలో, మళ్ళీ నడవడంలో, మతి తప్పడంలో వెన్ను మత్తు మెరుగని తేలలేదు. పూర్తి మత్తుకి బ్లాక్ తోడైతే మత్తు వాయువు కూడా తక్కువ సరిపోతుంది, తొందరగా తేరుకుంటారు. స్టెంట్ ఉంది కాబట్టి క్లోపిడోగ్రెల్ ఆపాలా, ఎప్పుడు మళ్ళీ మొదలుపెట్టాలి అన్నది మాత్రం మీరు సొంతంగా తేల్చొద్దు, గుండె డాక్టరుని ఒక మాట అడగమనండి.

మీరు అడగలేదు గానీ అడగాల్సింది ఒకటుంది. బ్లాక్ రేపు ఆపరేషన్ థియేటర్ (ఓటీ)లోనే ఎందుకు, ఇప్పుడే చేయొచ్చుగా? చేయొచ్చు, చేయాలి. బ్లాక్ వల్ల పెద్ద లాభం ఆపరేషన్ తర్వాత అని అందరూ అనుకుంటారు. నేను చూసినంతలో అంతకంటే పెద్ద లాభం ముందే. ఎక్స్‌రే టేబుల్ మీదికి, స్కాన్‌కి, వార్డుకి, ఓటీకి, స్ట్రెచర్ మారిన ప్రతిసారీ ఆ తొమ్మిది నొప్పే. చాలా దేశాల్లో ఎమర్జెన్సీలోకి రాగానే బ్లాక్ చేసేస్తున్నారు. నేను కొత్తగా చేరినప్పుడు ఒక ఆసుపత్రిలో తొడ విరిగిన మనిషిని వెన్ను మత్తు కోసం నలుగురం పట్టుకుని లేపి కూర్చోబెట్టేవాళ్ళం. ఆ అరుపులు పక్క ఓటీ దాకా వినపడేవి. "ఒక్క నిమిషం ఓర్చుకోండి" అనేవాళ్ళం, అది ఏనాడూ ఒక్క నిమిషంలో అయిపోలేదు. ఇప్పుడు ముందు గజ్జలో బ్లాక్ చేసి, ఇరవై నిమిషాలు ఆగి, అప్పుడు లేపితే చాలామంది తమంతట తామే చేతులు ఊని లేస్తారు. ఆ ఇరవై నిమిషాలు ఆగడమే కష్టం, సర్జన్ గడియారం చూసుకుంటుంటారు. మీ డాక్టరుని అడగండి: "ఇవాళ వార్డులోనే ఒకసారి ఇవ్వగలరా? రేపు ఆపరేషన్ అయ్యేటప్పుడు మళ్ళీ ఇస్తారా?" రెండుసార్లు ఇవ్వడంలో తప్పేమీ లేదు, మధ్యలో తగినంత గడువు ఉంటే చాలు. కాథెటర్ అని సన్న గొట్టం పెట్టి రెండు మూడు రోజులు మందు ఎక్కించే పద్ధతి కూడా ఉంది గానీ, అది జారిపోకుండా చూసుకునే నర్సులు రాత్రి కూడా ఉంటేనే దాని జోలికి వెళ్ళాలి.

మోతాదు దగ్గర అమ్మగారి బరువు ముఖ్యం. బ్లాక్‌కి వాడే బుపివకైన్ మందు కిలోకి 2 మి.గ్రా. దాటనివ్వం, అంటే ఆవిడకి 92 మి.గ్రా. 0.25 శాతం మందులో ఒక మి.లీ.కి 2.5 మి.గ్రా. ఉంటుంది. 30 మి.లీ. అయితే 75, ఫర్వాలేదు. అలవాటుగా 40 మి.లీ. ఇచ్చేస్తే 100, హద్దు దాటింది. పైగా కుట్లు వేసేముందు సర్జన్ కూడా కోత చుట్టూ అదే మందు ఇస్తుంటారు, దాన్నీ ఇందులోనే కలపాలి. ఈ ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోకపోవడం నేను చాలాసార్లు చూశాను. మందు రక్తంలో ఎక్కువైతే చెవుల్లో గుయ్యిమని మోత, నోట్లో ఇనుము రుచి, పెదాల తిమ్మిరి, తర్వాత ఫిట్స్, గుండె తడబడడం. దానికి విరుగుడు 20 శాతం కొవ్వు ద్రావణం (ఇంట్రాలిపిడ్), సెలైన్‌లా రక్తనాళంలోకి ఎక్కిస్తారు. బ్లాకులు చేసే ఓటీలో అది అందుబాటులో ఉండాలి. "ఇంట్రాలిపిడ్ ఉందా సార్?" అని మీరు అడిగితే ఆయన కోప్పడరు, మీరేదో చదువుకొచ్చారని మాత్రం అనుకుంటారు.

ఇప్పుడు అసలు తిప్పలు పెట్టే విషయానికి వస్తాను. బ్లాక్ ఎప్పుడు దిగుతుంది? ఒకసారి ఇచ్చిన మందు సుమారు 8 నుంచి 14 గంటలు పనిచేస్తుంది. రేపు మధ్యాహ్నం రెండింటికి ఇస్తే రాత్రి పది నుంచి తెల్లవారుజాము నాలుగు లోపు ఎప్పుడో దిగుతుంది. వార్డులో లైట్లు ఆర్పేసి ఉంటారు, ఒక నర్సు ఇరవై మందిని చూస్తుంటుంది, మీరు కింద చాప మీద నిద్రలో ఉంటారు. నొప్పి మెల్లగా రాదు, ఒక్కసారిగా వస్తుంది. నా మొదటి ఏళ్ళలో నేను చేసిన తప్పు ఇదే. సాయంత్రం రౌండ్‌లో పేషెంటు నవ్వుతూ "నొప్పే లేదు డాక్టరుగారూ" అంటే, మిగతా మందులు "అవసరమైతే ఇవ్వండి" అని రాసి వెళ్ళిపోయాను. పొద్దున వచ్చేసరికి ఆయన నా మొహం చూడలేదు. అప్పటి నుంచి "అవసరమైతే" అన్న మాట నేను రాయను. నొప్పి లేకపోయినా పారాసిటమాల్ గడియారం ప్రకారం ఆరు గంటలకోసారి పడాలి. అది కూడా అమ్మగారు 50 కిలోల లోపు కాబట్టి సెలైన్‌లా ఎక్కిస్తే కిలోకి 15 మి.గ్రా. లెక్కన, అంటే 700 మి.గ్రా. లోపే, పూర్తి ఒక గ్రాము బాటిల్ కాదు. బ్లాక్ ఎక్కువసేపు ఉండడానికి డెక్సామెథసోన్ అనే స్టీరాయిడ్ ఇస్తుంటారు, బాగానే పనిచేస్తుంది. షుగర్ పెరుగుతుంది, చూసుకోమని గుర్తుచేయండి. ఎవరైనా జాలిపడి వోవెరాన్ అనే నొప్పి ఇంజెక్షన్ ఇప్పిద్దామంటే ఒద్దనండి. ఈ వయసు, షుగర్, స్టెంట్, క్లోపిడోగ్రెల్, అన్నీ కలిస్తే కిడ్నీకీ కడుపుకీ గుండెకీ మంచిది కాదు.

రెండోది, కాలు. ఫేషియా ఇలియాకా బ్లాక్ ఉన్నంతసేపు తొడ ముందు కండరం బలహీనంగా ఉంటుంది. పడుకున్నప్పుడు తెలియదు, నిలబడితే మోకాలు మడతపడిపోతుంది. ఒక పెద్దాయన ఇలాగే నొప్పి లేదు కదా అని తెల్లవారుజామున ఎవరినీ లేపకుండా బాత్రూమ్‌కి బయల్దేరి, మంచం పక్కనే కూలబడ్డారు. ఎముక బతికిపోయింది గానీ నుదురు చిట్లింది. ఆపరేషన్ తర్వాత ఫిజియోథెరపిస్ట్ నిలబెట్టే ముందు మోకాలు కింద దుప్పటి చుట్టి పెట్టి, మడమ పైకి ఎత్తి కాలు చాపమని చూస్తారు. చాపగలిగితేనే వాకర్. అప్పటిదాకా ఆవిడ ఎంత మొండికేసినా ఒంటరిగా దిగనివ్వొద్దు.

బైక్ యాక్సిడెంట్‌లో తొడ నలిగిపోయిన కుర్రాళ్ళ సంగతి వేరు. అక్కడ వాపు లోపల బిగిసి కండరం చచ్చిపోయే ప్రమాదం ఉంటుంది, దాని మొదటి గుర్తు నొప్పే కాబట్టి బ్లాక్‌కి ముందు సర్జన్‌తో మాట్లాడతాం. అమ్మగారికి ఆ చర్చ అక్కర్లేదు.

రాత్రి ఆవిడ దుప్పటి పీకడం, సెలైన్ లాగేయడం, లేని మనుషులతో మాట్లాడడం మొదలుపెడితే మతి పోయిందని భయపడకండి. తుంటి విరిగినవాళ్ళలో ఇది మామూలే, ఎక్కువమందిలో కొన్ని రోజుల్లో తగ్గుతుంది. డ్యూటీ డాక్టరుకి మాత్రం వెంటనే చెప్పండి. నొప్పి తగ్గకపోయినా వస్తుంది, నొప్పికి ఇచ్చే మత్తు ఇంజెక్షన్లు ఎక్కువైనా వస్తుంది. బ్లాక్ ఈ రెంటినీ తగ్గిస్తుంది కాబట్టే, బ్లాక్ చేసినవాళ్ళలో ఈ గందరగోళం తక్కువని పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది. చెవి మిషన్ తీసి ఇంటికి పంపేయకండి. ఓటీ గుమ్మం దాకా ఉంచి, రికవరీ రూమ్‌లోకి రాగానే పెట్టమని నర్సుకి చేతికివ్వండి, కొత్త బ్యాటరీ వేసి. లేకపోతే మత్తు దిగాక ఎవరో వచ్చి "నొప్పి ఉందా అమ్మా?" అంటారు, ఆవిడకి వినపడదు, మర్యాదకి తల అడ్డంగా ఊపుతారు, కేస్ షీట్‌లో "నొప్పి లేదు" అని పడిపోతుంది.